మూడు అల్లాయ్‌లూ ఒక స్టీలు చక్రం

మంగళవారం ఉదయం ఆరూ పదికి కంట్రోల్ రూమ్‌కి ఫోన్ వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ అక్కడికి చేరేసరికి ఆరూ ముప్ఫై రెండు. దిగుడు రోడ్డు. కింద మలుపు. మలుపులో కాంక్రీటు గోడ. ఆ గోడకి ముక్కు గుద్దుకుని ఒక చిన్న తెల్ల కారు ఆగి ఉంది.

డ్రైవరు సీట్లో ఒక ఆడమనిషి. ముప్ఫై ఏళ్లుంటాయేమో. సీటు బెల్టు పెట్టుకునే ఉంది. ప్రాణం లేదు.

పక్క సీట్లో నీలం ఐస్ బాక్సు. దానికీ బెల్టు పెట్టి ఉంది. లోపల ఖాళీ ట్యూబులు, సిరంజిలు, పద్నాలుగు ఇళ్ల చిరునామాలున్న కాగితం. పొద్దున్నే ఇంటింటికీ వెళ్లి రక్తం శాంపిళ్లు తీసుకునే ల్యాబ్ టెక్నీషియన్ ఆమె. మొదటి ఇంట్లో ఆరుంబావుకి ఉండాల్సింది. ఆ ఇంటి ముసలావిడ పరగడుపున ఎదురుచూస్తూ అప్పటికి రెండుసార్లు ఫోన్ చేసింది.

కారుకి ముందు ఎడమ చక్రం లేదు. అది నూట నలభై అడుగుల అవతల గడ్డిలో పడి ఉంది. వెండి రంగు అల్లాయ్ వీల్. నిన్ననే షోరూంలోంచి తెచ్చినట్టు మెరుస్తోంది.

చుట్టూ చేరిన జనమంతా ఆ ఊడిన చక్రాన్నే చూస్తున్నారు. ఇన్‌స్పెక్టర్ మాత్రం కారు దగ్గరే గొంతుక్కూర్చుంది. ఇరవై రెండేళ్లుగా ప్రమాదాల దర్యాప్తు చేస్తున్న మనిషి. ఊడినదాన్ని చివర్న చూడాలి, ఊడనివాటిని ముందు చూడాలి అనేది ఆవిడ పద్ధతి.

మిగిలినవి మూడు చక్రాలు. ముందు కుడివైపు అల్లాయ్. దానికి నాలుగు నట్లు. ప్రతి నట్టు మీద నుంచి చక్రం మీదికి సన్నటి పసుపు గీత గీసి ఉంది. బిగించడం అయ్యాక ఫిట్టర్లు పెట్టుకునే గుర్తు అది. నట్టు ఎంత కొంచెం తిరిగినా గీత విరిగినట్టు కనిపిస్తుంది. ఇక్కడ నాలుగు గీతలూ తిన్నగా ఉన్నాయి.

ఆవిడ గ్లవ్ తొడిగిన వేళ్లతో ఒక నట్టుని పట్టుకుంది. అది వేళ్లకే తిరిగింది.

వెనక ఎడమవైపు కూడా అల్లాయే. అక్కడా గీతలు తిన్నగానే ఉన్నాయి. అక్కడా నట్లు వేళ్లకే తిరిగాయి.

వెనక కుడివైపు మాత్రం పాత స్టీలు చక్రం. నల్లగా, అంచుల్లో తుప్పుపట్టి ఉంది. దానికీ అవే నట్లు, అదే పసుపు గీత. హెడ్ కానిస్టేబుల్ స్పానర్ వేసి ఒళ్లు బరువంతా మోపాడు. నట్టు కదల్లేదు.

"ఇదేంటి మేడం, మూడు కొత్తవీ ఒకటి పాతదీ?" అన్నాడాయన.

ఆయన్ని స్టేషన్లో అందరూ గడియారం అంటారు. ఏం చెప్పినా టైముతో సహా చెప్తాడు. పెళ్లయి ఎన్నాళ్లయిందంటే గంటల్లో చెప్తాడని స్టేషన్లో వేళాకోళం.

ఇన్‌స్పెక్టర్ ఆ స్టీలు చక్రాన్ని ఫోటో తీసుకుంది.

ఏడింటికి తండ్రి వచ్చాడు. అరవై రెండేళ్ల మనిషి. రంగుల మేస్త్రి. బీరువాలకీ మంచాలకీ గేట్లకీ స్ప్రే రంగు వేసే షెడ్డులో నలభై ఏళ్లుగా పని. గోళ్ల చుట్టూ వెండి రంగు ఇంకా వదల్లేదు. భార్య పోయి తొమ్మిదేళ్లు. ఇంట్లో ఉండేది ఆయనా కూతురూ మాత్రమే.

ఆయన ఏడవలేదు. కూతురి జుట్టు మొహం మీద పడి ఉంటే వెనక్కి సవరించాడు. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు.

"శనివారం బిగించాడు వాడు," అన్నాడు. "మూడు రోజులు కాలేదు. వాణ్ణి వదలకండి."

తొమ్మిదీ నలభైకి స్టేషన్లో ఫిర్యాదు రాసిచ్చాడు. సంగతంతా అప్పుడే చెప్పాడు. ఆ కారు సెకండ్ హ్యాండ్‌ది. కూతురు సొంత జీతంతో కొనుక్కుంది. ఇంజను బాగానే ఉంది కానీ స్టీలు చక్రాలు తుప్పుపట్టి, వాటి మీది మూతలు ఎక్కడో ఊడిపోయి, చూడ్డానికి బోసిగా ఉండేది. అల్లాయ్‌లు వేస్తే బండి కొత్తగా అయిపోతుందని రెండేళ్లుగా ఒకటే పాట. చివరికి పాత సామాన్ల యార్డులో సరిపోయే సెట్టు దొరికింది. నిండా గీతలు, మరకలు. మేస్త్రి వాటిని ఇంటికి తెచ్చి పన్నెండు రోజులు కూర్చున్నాడు. రుద్దాడు, ప్రైమరు కొట్టాడు, రంగు వేశాడు, పైన క్లియర్ కోటు వేశాడు. వాటిని తీసుకుని శనివారం ఆమె ఫిట్టరు దగ్గరికి వెళ్లింది.

ఫిట్టరుది టైర్ల షాపు. ఒక షెడ్డు, ఒక జాకీ లిఫ్టు, ముందు చిన్న కౌంటరు. కౌంటర్లో భార్య కూర్చుంటుంది. పదిన్నరకి ఇన్‌స్పెక్టర్ వెళ్లేసరికి ఫిట్టరు పని మానేసి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గోడకి టూల్సన్నీ వరసగా వేలాడుతున్నాయి. ప్రతి టూలు వెనకా దాని ఆకారంలో గీసిన గీత. ఎక్కడిది అక్కడ పెట్టే మనిషి అని చూడగానే తెలుస్తుంది.

"శనివారం ఎన్నింటికి మొదలుపెట్టావు?"

"పదకొండుంబావుకండి. పన్నెండింటికి అయిపోయింది."

"వెనక స్టీలు ఎందుకుంది?"

"ఒక అల్లాయ్ గాలి నిలవలేదండి. రిమ్ అంచులో లీకు. అది ఇక్కడే పెట్టేసి ఆ వైపు పాతదే మళ్లీ బిగించాను. బుధవారం రమ్మన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. ఒంటి చెప్పుతో ఊరేగినట్టుంది అంది."

"టార్క్ రెంచ్ వాడావా?" నట్టుకి కావాల్సినంత బిగువు రాగానే టక్‌మనే రెంచ్ అది.

"వాడానండి." అని ఆగాడు. నేల వైపు చూశాడు. "లేదండి. వాడలేదు. తొందర్లో చేత్తో బిగించేశాను. తప్పు నాదే. రాసుకోండి."

"వెనక చక్రం బిగుతుగానే ఉందే?"

"ఏమోనండి. అది సరిగ్గా బిగించి ఉంటాను."

కౌంటర్లో ఉన్న భార్య తలెత్తి మొగుడి వైపు చూసింది. ఆ చూపు ఇన్‌స్పెక్టర్ కంటపడింది. కానీ అప్పుడేమీ అడగలేదు. ఒప్పుకున్నవాణ్ణి తీసుకెళ్లక తప్పదు కాబట్టి జీపెక్కించింది.

ఫిట్టరుని లాకప్‌లో పెట్టాక గడియారం ఒక మాట చెప్పాడు. ఆ ఫిట్టరు పొద్దున్న ప్రమాదం జరిగిన చోటికి వచ్చాడు. ఏడూ ఇరవైకి వచ్చాడు. గడ్డిలో పడ్డ చక్రం దగ్గర కూర్చున్నాడు. ఏడూ ఇరవై మూడుకి లేచాడు. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

"మూడు నిమిషాలు ఏం చూశాడు మేడం?"

మధ్యాహ్నం ఇంకో అనుమానితుడు దొరికాడు. మేస్త్రి ఎదురింటి పెద్దాయన. పార్కింగ్ దగ్గర గొడవ. పది రోజుల కిందట వీధంతా వినేలా అరిచాడట, ఇంకోసారి నా గేటు ముందు పెడితే చక్రాలు ఊడబీకుతానని. రెండుంబావుకి ఆయన స్టేషన్‌కి వచ్చాడు. కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"చక్రాలు పీకాలంటే ముందు నేను కిందకి వంగాలి కదమ్మా," అన్నాడు. "మోకాళ్లు వంగితే మళ్లీ లేవవు. నోరే కానీ ఒంట్లో ఏముంది?"

తర్వాత ఆయన చెప్పింది విని గడియారం రాయడం ఆపేశాడు. ఆ అమ్మాయి ప్రతినెలా ఆయనకి షుగర్ టెస్టుకి రక్తం తీసేది. సూది గుచ్చింది తెలిసేది కాదట. గొడవైన మర్నాడు కూడా వచ్చి, ఏమీ జరగనట్టే చెయ్యి పట్టుకుని, కోపం ఎక్కువైతే షుగర్ పెరుగుతుంది బాబాయ్ గారూ అందట. ఆయన అప్పటికి సారీ చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండిపోయాడు.

ఆయన వెళ్లాక గడియారం కొత్త థియరీ ఎత్తుకున్నాడు. ఇది దొంగల పని. అల్లాయ్‌లకి గిరాకీ ఉంది. ఎవడో వచ్చి మూడు చక్రాల నట్లు వదులు చేశాడు. స్టీలుది ఎందుకూ పనికిరాదని ముట్టుకోలేదు. ఇంతలో ఎవరో వచ్చిన అలికిడైతే పారిపోయాడు.

"బాగానే ఉంది," అంది ఇన్‌స్పెక్టర్. "మరి గీతలు?"

"ఏ గీతలు?"

"దొంగ వదులు చేస్తే నట్టు తిరగాలి. తిరిగితే గీత విరగాలి. ఎనిమిది నట్లకీ ఎనిమిది గీతలూ తిన్నగా ఉన్నాయి. నట్లు ఉన్నచోటే ఉన్నాయి. బిగువు మాత్రం పోయింది."

గడియారం వాచీ చూసుకున్నాడు. ఏమీ తోచనప్పుడు ఆయన చేసే పని అదే.

బుధవారం ఉదయం తొమ్మిదింటికి పోలీసు షెడ్డులో ఇన్‌స్పెక్టర్ ఆ రెండు అల్లాయ్‌లనీ విప్పించింది. బల్ల మీద పెట్టి లైటు దగ్గరికి లాగింది. రంగు అందంగా ఉంది. అంత అందమైన పని ఈమధ్య ఆవిడ చూడలేదు. ముందు వైపు ఎలా ఉందో వెనక వైపూ అలాగే ఉంది. బండికి బిగించాక ఎవరికీ కనిపించని చోట కూడా అంతే మందంగా, అంతే నున్నగా ఉంది.

నట్టు కూర్చునే గుంటల్లో కూడా రంగు వేసి ఉంది.

ఒక్కో గుంటలో ఒక్కో వలయం. నట్టు గట్టిగా నొక్కుకుని లోతుగా దిగబడిన అచ్చు. అచ్చు చుట్టూ రంగు పగిలి పొడైంది. వేలు పెడితే వెండి పొడి అంటింది. చక్రాన్ని ఇరుసుకి పట్టే హబ్‌కి ఆనుకునే వెనక భాగంలోనూ అంతే. ఊడిపోయిన చక్రం గుంటల్లో అయితే రంగు పూర్తిగా అరిగిపోయి ఉత్త లోహం బయటపడింది.

చేత్తో ఏదో తిప్పి వదిలేసిన నట్టు అంత లోతు అచ్చు వెయ్యదు. ఫిట్టరు ఎందుకో అబద్ధం చెప్పాడు.

కారులో తిరిగిన కిలోమీటర్ల లెక్క చూసింది. శనివారం షాపులో రాసుకున్న అంకెకీ మంగళవారం ఆగిపోయిన అంకెకీ తేడా రెండు వందల అరవై ఎనిమిది. మూడు రోజులు కాకుండానే అంత తిరుగుడు.

పదిన్నరకి మళ్లీ టైర్ల షాపుకి వెళ్లింది. గాలి నిలవని నాలుగో అల్లాయ్ గోడకి ఆనించి ఉంది. రోడ్డెక్కని చక్రం. గుంటల నిండా రంగు చెక్కుచెదరకుండా ఉంది. టైరు కూర్చునే అంచులో కూడా మందంగా పట్టి ఉంది. గాలి నిలవకపోవడానికి కారణం అదే.

ఫిట్టరు భార్య కౌంటరు వదిలి వచ్చింది.

"మా ఆయన అబద్ధం ఆడుతున్నాడు మేడం," అంది. "రెంచ్ వాడకుండా ఆయన సైకిలు నట్టు కూడా బిగించడు. ఆ టక్‌మనే చప్పుడు పదహారుసార్లూ విన్నాను నేను."

"మరి ఎందుకు ఒప్పుకున్నాడు?"

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ చెప్పింది. చక్రాలు చూడగానే ఫిట్టరు సంగతి కనిపెట్టాడు. గుంటల్లో రంగు ఉండకూడదు, వైర్ బ్రష్ పెట్టి గీకేసి బిగిస్తానన్నాడు. ఆ అమ్మాయి వద్దంది. బ్రష్ చేతిలోకి తీసుకున్నాక కూడా చెయ్యి పట్టుకుని మరీ ఆపింది. సరేలే, బుధవారం వస్తుంది కదా, అప్పటికి నట్లు ఇంకోసారి బిగిస్తే సరిపోతుంది అనుకున్నాడు. ఆమె రోజుకి ఎంత తిరుగుతుందో అడగలేదు. మంగళవారం పొద్దున్న ఆ చక్రం చూసొచ్చి, ఆ అమ్మాయి నాన్నకి ఈ మాట తెలియకూడదు అన్నాడు.

ఇన్‌స్పెక్టర్‌కి చిక్కు అక్కడ వచ్చింది. ఫిట్టరు చెప్పింది రాస్తే అతను జైలుకి పోతాడు. జరిగింది రాస్తే అతను బయటపడతాడు. కానీ ఆ రిపోర్టు కాపీ ఫిర్యాదు ఇచ్చిన తండ్రికి అందుతుంది. పన్నెండు రోజులు కూర్చుని తన చేత్తో వేసిన రంగు ఏం చేసిందో ఆయన చదువుకుంటాడు. ఆఖరి నిమిషంలో బ్రష్‌ని ఆపింది ఎవరో కూడా చదువుకుంటాడు.

లాకప్ దగ్గరికి వెళ్లి ఫిట్టరుతో మాట్లాడింది. అతను ఒకటే అడిగాడు. రంగు సంగతి రాయక తప్పకపోతే రాయండి, ఆ అమ్మాయి మాట మాత్రం రాయకండి. నా చెయ్యి రాక గీకలేదని రాయండి.

"అప్పుడు నీ తప్పే అవుతుంది."

"సగం నాదే కదండి. నలుగురూ ఎగబడి గీకద్దన్నా గీకాల్సినవాణ్ణి నేను. ముప్ఫై ఏళ్ల పని."

ఆ మధ్యాహ్నమే ఆవిడ అతన్ని పూచీకత్తు మీద ఇంటికి పంపేసింది.

గురువారం సాయంత్రం నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ అందర్నీ టైర్ల షాపులోనే కూర్చోబెట్టింది. మేస్త్రి, ఫిట్టరు, అతని భార్య, గడియారం. ఎదురింటి పెద్దాయనని ఎవరూ పిలవలేదు. ఆయనే మేస్త్రికి తోడొచ్చి, కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బల్ల మీద నాలుగు అల్లాయ్‌లూ, ఒక స్టీలు చక్రమూ ఉన్నాయి.

"మేస్త్రి గారూ," అంది ఆవిడ, "కారుని ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకుంటే గీతలు విరిగేవి. దొంగ లేడు. మీ ఎదురింటాయన కాదు."

"వీడే," అన్నాడు మేస్త్రి. ఫిట్టరు వైపు చూడకుండా అన్నాడు.

"ఇతను నాలుగు చక్రాలూ ఒకే రోజు, ఒకే రెంచ్‌తో, ఒకే బిగువుతో బిగించాడు. అందులో స్టీలుది ఇప్పటికీ కదల్లేదు. మూడు అల్లాయ్‌లూ వదులయ్యాయి. బిగించిన చెయ్యి ఒకటే. నట్లు ఒకటే. తేడా చక్రంలో ఉంది."

ఆవిడ ఆగింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నో ఇళ్ల తలుపులు కొట్టి చావు కబుర్లు చెప్పింది. ఇది అంతకంటే కష్టంగా ఉంది.

"నట్టు లోహం మీద కూర్చోవాలి. మధ్యలో రంగు పొర ఉంటే బిగువంతా ఆ పొర మీద పడుతుంది. బండి తిరిగేకొద్దీ పొర నలిగి పొడైపోతుంది. పొర పోయినంత మేరా సందు మిగులుతుంది. నట్టు తిరక్కుండానే బిగువు పోతుంది. తర్వాత ఒక చక్రానికి నట్లు ఒక్కొక్కటే తిరిగి ఊడిపోయాయి."

మేస్త్రి బల్ల దగ్గరికి వచ్చాడు. రోడ్డెక్కని నాలుగో చక్రాన్ని తిప్పి చూశాడు. గుంటలో చిటికెన వేలు పెట్టి తడిమాడు. తను వేసిన రంగు మందం ఎంతో ఆయనకి ఒకరు చెప్పనక్కర్లేదు.

"మూడు పొరల రంగు," అన్నాడు. "కనపడని చోటని ఎప్పుడూ వదల్లేదు. నలభై ఏళ్లుగా అదే నా పేరు."

ఫిట్టరు లేచి నిలబడ్డాడు. "మీ తప్పేం లేదండి. బీరువా రంగు వేరు, చక్రం రంగు వేరు. మీకు తెలియాల్సిన పని లేదు. గీకాల్సింది నేను."

"మరి ఎందుకు గీకలేదు?"

"అంత బాగా వేశారు. చెయ్యి రాలేదండి."

మేస్త్రి అతని మొహంలోకి చూశాడు. మొదటిసారి తిన్నగా చూశాడు. తర్వాత గోడ మీద వరసగా వేలాడుతున్న టూల్స్ వైపు చూశాడు. ఒకటి తక్కువ కాకుండా అన్నీ వాటి వాటి గీతల్లో ఉన్నాయి.

"ఇంత పద్ధతి మనిషివి," అన్నాడు నెమ్మదిగా. "చెయ్యి రాకపోవడం ఏంటి? నీది అబద్ధం. అదే వద్దంది కదూ?"

ఫిట్టరు తల దించుకున్నాడు. అతని భార్య అవతలికి తిరిగింది. ఇన్‌స్పెక్టర్ రిపోర్టు మూసేసి ఒళ్లో పెట్టుకుంది. ఆ మాట అందులో రాయాలా వద్దా అని నిన్నటి నుంచి ఆలోచిస్తోంది. ఇక ఆలోచించే పని లేకపోయింది.

"చెప్పు నాయనా. వద్దంది కదూ?"

"ఔనండి."

"గీత పడితే నేను బాధపడతాననేనా?"

"ఔనండి. నాన్న పన్నెండు రోజులు నడుం వంచి చేశాడు, నట్టు విప్పినప్పుడు చూస్తే బాధపడతాడు అంది. షాపులో ఉన్న ముగ్గురు కస్టమర్లకీ పిలిచి చూపించింది. మా నాన్న వేశాడు అని."

మేస్త్రి స్టూలు మీద కూర్చుండిపోయాడు. మంగళవారం నుంచి ఆగిన ఏడుపు అప్పుడు వచ్చింది. చప్పుడు లేకుండా చాలాసేపు ఏడ్చాడు. ఎదురింటి పెద్దాయన గోడ వదిలి వచ్చి, మోకాళ్ల సంగతి మరిచిపోయి ఆయన పక్కన నేల మీదే కూర్చున్నాడు.

కాసేపటికి మేస్త్రి కాగితం అడిగి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు తనే రాశాడు. సంతకం పెట్టి ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చాడు. నా మీద కేసు రాయండి అన్నాడు. మీ మీద రాయడానికి సెక్షన్ లేదంది ఆవిడ.

ఫిట్టరు ఆయన్ని ఇంటిదాకా దింపుతానన్నాడు. మేస్త్రి అతని భుజం పట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"దానికి తెలియలేదు," అన్నాడు. "గీత పడితే బాధపడేవాణ్ణే. ఒక్క పూట బాధపడేవాణ్ణి."